ఆటల ముచ్చట్లు: నుంగంబాకం నేల మీద



టెన్నిస్ అనగానే అందరూ వింబుల్డన్ పేరే ఎత్తుతారు. పచ్చగడ్డి, తెల్లబట్టలు, ఇంగ్లండులో ఎప్పుడు కురుస్తుందో తెలియని వాన, ఇవే గుర్తుకొస్తాయి. ఈ నెల నేను చెప్పబోయే పోటీ అంత దూరాన జరిగింది కాదు. నెల్లూరులో పొద్దున్నే రైలెక్కినవాడు మధ్యాహ్న భోజనం వేళకు చేరగల చెన్నైలో, నుంగంబాకం అనే పేటలో జరిగింది. 1997 మొదలు 2017 దాకా ఏటా ఒక వారం చొప్పున, మొత్తం 21 సార్లు జరిగింది. స్పెయిన్ నుంచీ, స్విట్జర్లండు నుంచీ, సెర్బియా నుంచీ, థాయిలాండు నుంచీ మేటి ఆటగాళ్ళు వచ్చి అక్కడ ఆడారు. దాన్ని చెన్నై ఓపెన్ అనేవారు. ఇప్పుడది అక్కడ లేదు. ఎట్లా వచ్చింది, మధ్యలో ఏం జరిగింది, ఎందుకు పోయింది అన్నదే ఈ నెల ముచ్చట.

ముందు ఆ "ఓపెన్" అన్న మాట సంగతి తేల్చుకుందాం. ఓపెన్ అంటే తలుపు తెరిచి ఉన్నదని అర్థం. ఆ తలుపు ఎవరికోసం తెరిచారు? డబ్బు తీసుకుని ఆడేవాళ్ళ కోసం! వినడానికి వింతగా ఉంటుంది గాని, 1968 కి ముందు వింబుల్డన్ వంటి పెద్ద పోటీల్లో డబ్బు తీసుకునేవాణ్ణి అడుగుపెట్టనిచ్చేవారు కాదు. ఆట సరదాకోసం ఆడాలి గాని, జీతం పుచ్చుకుని ఆడరాదని పెద్దల పట్టుదల. సరదాకోసం ఆడేవాళ్ళను అమెచ్యూర్లనీ, డబ్బుకు ఆడేవాళ్ళను ప్రొఫెషనల్లనీ పిలిచేవారు. ప్రొఫెషనల్లు మన నాటకాల కంపెనీల లాగా ఒక జట్టుగా ఊరూరా తిరిగి, టిక్కెట్లు అమ్మి ఆడేవారు. అట్లాంటి కంపెనీని నడిపిన వాడు జాక్ క్రామర్ అనే అమెరికావాడు.

ఆ క్రామర్ మన మద్రాసు ఆటగాడు రామనాథన్ కృష్ణన్‌కు కబురు పెట్టాడు. తన జట్టులో చేరితే పెద్ద మొత్తం ఇస్తానన్నాడు. కృష్ణన్ చేరలేదు. చేరితే వింబుల్డన్ తలుపు మూసుకుపోతుంది, దేశం తరఫున డేవిస్ కప్పు ఆడటానికీ వీలుండదు. ఆయనకు ఆట నేర్పింది తండ్రి టి. కె. రామనాథన్. 1954 లో వింబుల్డన్ బాలుర పోటీ గెలిచి, ఆసియా ఖండం నుంచి అది గెలిచిన మొదటివాడయాడు. పెద్దల పోటీలో 1960 లోనూ 1961 లోనూ వరసగా సెమీఫైనల్సు దాకా వెళ్ళాడు. ఒకసారి నీల్ ఫ్రేజర్ చేతిలో, ఇంకోసారి రాడ్ లేవర్ చేతిలో ఓడాడు. ఆ రెండేళ్ళూ చివరకు కప్పు ఎత్తింది ఆయన్ను ఓడించినవాళ్ళే!

అమెచ్యూర్లలో మన హైదరాబాదువాడు ఒకాయన ఉండేవాడు, సయ్యద్ మహమ్మద్ హాది. ఏడు రకాల ఆటల్లో దిట్ట కావటం చేత ఆయన్ను "రెయిన్‌బో హాది" అనేవారు. ఇంద్రధనుస్సుకు ఏడు రంగులు గదా! 1924 లో పారిస్ ఒలింపిక్సులో టెన్నిస్ ఆడాడు. పదేళ్ళ తరవాత రంజీ ట్రోఫీ క్రికెట్టు మొదలైతే, ఆ పోటీలో మొట్టమొదటి సెంచరీ కొట్టిందీ ఆయనే. ఈ కాలంలో ఏడు ఆటలు ఆడేవాడు దేనిలోనూ అంతదూరం పోలేడు. ఒక్క ఆటే ఏడాది పొడుగునా ఆడితే తప్ప నిలవలేని పరిస్థితి వచ్చింది. అందుకు కారణం 1968 లో తెరుచుకున్న ఆ తలుపే. టెన్నిస్ ఆడటం వైద్యం లాగా, వడ్రంగం లాగా ఒక వృత్తి అయిపోయింది.

వృత్తి అన్న తరవాత సంఘం ఉండాలి. 1972 లో పురుష ఆటగాళ్ళు ఎ.టి.పి. అనే సంఘం పెట్టుకున్నారు. ఏడాదిలో ఏ వారం ఏ ఊళ్ళో పోటీ జరగాలి, గెలిచినవాడికి ఎన్ని పాయింట్లు రావాలి అన్నవన్నీ ఇప్పుడు ఆ సంఘం చూస్తుంది. మెల్‌బోర్న్, పారిస్, వింబుల్డన్, న్యూయార్కు, ఈ నాలుగూ మాత్రం దాని చేతిలో లేవు. ఆ నాలుగింటిలో దేన్ని గెలిచినా 2000 పాయింట్లు. వాటి తరవాత 1000 పాయింట్ల పోటీలు, 500 వి, 250 వి. మన చెన్నై పోటీ 250 రకానిది. అంటే మెట్ల వరసలో కింది మెట్టు. కింది మెట్టు గదా అని తీసిపారెయ్యకండి. పైకి ఎక్కేవాడు ముందు కాలు పెట్టేది దానిమీదే.

ఇక నేల సంగతి. టెన్నిస్‌లో ఉన్న తమాషా ఏమిటంటే, బంతీ రాకెట్టూ నెట్టూ కొలతలూ అన్ని చోట్లా ఒకటే. కోర్టు పొడుగు 23.77 మీటర్లు, ఒంటిగా ఆడేటప్పుడు వెడల్పు 8.23 మీటర్లు. నెట్టు మధ్యన 91 సెంటీమీటర్ల ఎత్తు. ఈ కొలతలు ఎక్కడా మారవు. కాని నేల మాత్రం చోటుకొక రకం. వింబుల్డన్‌లో గడ్డి. పారిస్‌లో ఎర్రటి ఇటుకపొడి. న్యూయార్కులో 1974 దాకా గడ్డి ఉండేది, మూడేళ్ళు మట్టి పోశారు, 1978 నుంచి గట్టి నేల వేశారు. జిమ్మీ కానర్స్ అనేవాడు ఆ ఒక్క పోటీనే మూడు నేలల మీదా గెలిచాడు. మన దేశంలోనైతే మట్టి కోర్టును పేడతో అలికి ఆడిన రోజులు కూడా ఉన్నాయి. నవ్వకండి. అలికిన నేల దుమ్ము లేవదు, బంతి చక్కగా లేస్తుంది.

నేల మారితే ఏమవుతుందో మీ ఇంట్లోనే చూడవచ్చు. ఒక రబ్బరు బంతి తీసుకుని నున్నటి గచ్చు మీద ఏటవాలుగా విసరండి. తక్కువ ఎత్తులో లేచి, రివ్వున జారిపోతుంది. అదే బంతిని అదే బలంతో పరిచిన గోనెపట్టా మీద విసరండి. ముందుకు పోవటం తగ్గి, వేగం చచ్చి, నింపాదిగా లేస్తుంది. ఎందుకని? బంతి నేలకు తగిలిన ఆ చిటికెడు కాలంలో దాని అడుగు భాగం నేలతో ఒరుసుకుంటుంది. ఒరిపిడి ఎంత ఎక్కువైతే ముందుకు పోయే వేగం అంత తగ్గుతుంది. గడ్డి నున్నన, ఒరిపిడి తక్కువ, బంతి జారిపోతుంది. ఇటుకపొడి గరుకు, పైగా బంతి తగిలినచోట పొడి కొంచెం ముందుకు నెట్టుకుని చిన్న గట్టులాగా అడ్డుపడుతుంది. అందుచేత బంతి నెమ్మదించి ఎత్తుగా లేస్తుంది. గట్టి నేల ఈ రెండింటికీ మధ్య రకం.

ఆ గట్టి నేలను వేసే పద్ధతి బాగుంటుంది. అడుగున కాంక్రీటో తారుకంకరో వేసి చదును చేస్తారు. వాన నీరు నిలవకుండా కంటికి కనిపించనంత వాలు ఇస్తారు. ఆపైన యాక్రిలిక్ అనే రంగులో సన్నని ఇసక కలిపి, పొర ఆరిన తరవాత ఇంకో పొర పూస్తారు. కిటుకంతా ఇసకలోనే ఉంది! ముతక ఇసక కలిపితే కోర్టు నెమ్మది, సన్న ఇసకైతే జోరు. గరుకు కాగితంలో నంబర్లు ఉంటాయి చూడండి, అట్లాగన్నమాట. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యవారు కోర్టుల వేగాన్ని కొలిచి, నెమ్మది నుంచి జోరు దాకా అయిదు తరగతులుగా విభజించారు.

గట్టి నేలకు లాభాలున్నాయి. గడ్డి లాగా కత్తిరించనక్కర్లేదు, మట్టి లాగా తడపనక్కర్లేదు, గుంటలు పడవు గనక బంతి ఎక్కడ పడ్డా ఒకేరకంగా లేస్తుంది. నష్టం కూడా ఉంది. ఆ నేల కాలికి లొంగదు. పరిగెత్తి ఆగిన ప్రతిసారీ దెబ్బ మోకాలికీ మడమకీ తగులుతుంది. ఎండ వేళ నేలే పొయ్యిమీది పెనంలా కాలుతుంది.

బంతి సంగతి కూడా ఒక్క ముక్క. దాని బరువు 56 గ్రాములకు తగ్గకూడదు, 59.4 గ్రాములకు మించకూడదు. 254 సెంటీమీటర్ల ఎత్తునుంచి కాంక్రీటు మీదికి వదిలితే 135 కీ 147 కీ మధ్య లేవాలి. మీరు మీటరు ఎత్తునుంచి వదిలి చూడండి. 53 సెంటీమీటర్లకైనా రాకపోతే లోపలి గాలి తగ్గిందన్నమాట. పెద్ద పోటీల్లో మొదట ఏడు గేములకూ, తరవాత ప్రతి తొమ్మిది గేములకూ కొత్త బంతులు తెస్తారు. ఒకప్పుడు బంతులు తెల్లగా ఉండేవి. టెలివిజన్‌లో సరిగా కనిపించటం లేదని 1972 లో పసుపుపచ్చ బంతిని ఒప్పుకున్నారు. వింబుల్డన్‌వారు మాత్రం 1986 దాకా తెల్ల బంతిని వదల్లేదు!

నేల ఎంత పని చేస్తుందో మనవాళ్ళకు 1987 లో బాగా తెలిసివచ్చింది. ఆ ఏడు డేవిస్ కప్పులో విజయ్ అమృతరాజ్, ఆనంద్ అమృతరాజ్, రమేశ్ కృష్ణన్ ఆడారు. ముగ్గురూ మద్రాసువాళ్ళే. రమేశ్ మనం చెప్పుకున్న రామనాథన్ కృష్ణన్ కొడుకు. వాళ్ళు సిడ్నీలో గడ్డి మీద ఆస్ట్రేలియాను ఓడించి ఫైనల్సు చేరారు. డేవిస్ కప్పులో ఎవరి ఊళ్ళో ఆట జరిగితే వాళ్ళకు నచ్చిన నేల వేసుకునే హక్కు ఉంటుంది. ఫైనల్సు స్వీడన్ దేశంలో. వాళ్ళు గోథెన్‌బర్గులో పైకప్పు కింద మట్టి పోసి పెట్టారు. గడ్డి మీద పులుల్లా ఆడినవాళ్ళు ఆ మట్టి మీద అయిదుకు అయిదు ఆటలూ ఓడిపోయారు.

మద్రాసులో అప్పటికే టెన్నిస్ వాతావరణం ఉన్నదని చెప్పానుగా. విజయ్ చిన్నప్పుడు తరచూ జబ్బుపడే పిల్లవాడు. ఆ పిల్లవాడే పెద్దయి 1973 లో వింబుల్డన్‌లోనూ న్యూయార్కులోనూ క్వార్టర్‌ఫైనల్సు ఆడాడు. అమృతరాజ్ కుటుంబంవారు మద్రాసులో ఒక శిక్షణాలయం నడిపారు. కలకత్తా నుంచి లియాండర్ పేస్ అనే కుర్రవాడు వచ్చి అక్కడే తయారయాడు. 1990 లో వింబుల్డన్ బాలుర పోటీ గెలిచాడు.

1995 డిసెంబరులో దక్షిణాసియా దేశాల ఆటల పోటీలు మద్రాసులో జరిగాయి. వాటికోసం నుంగంబాకంలో కొత్త టెన్నిస్ స్టేడియం కట్టారు. ఆటలు నాలుగు రోజుల్లో అయిపోతాయి గాని, కట్టిన స్టేడియం ఎక్కడికీ పోదు గదా! 1996 లో ఎ.టి.పి. పోటీ ఒకటి మన దేశానికి వచ్చింది. ఆ ఏడు ఢిల్లీలో జరిగింది. స్వీడన్‌కు చెందిన థామస్ ఎన్‌క్విస్ట్ గెలిచాడు. అదే ఏడు మద్రాసు పేరు చెన్నైగా మారింది. మరుసటేడు ఆ పోటీ చెన్నైకి వచ్చింది. 1997 లో జరిపిన నెల ఏదనుకున్నారు? ఏప్రిల్! చెన్నై ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మరి కొన్నేళ్ళకు పోటీని జనవరి మొదటివారానికి మార్చారు.

మొదటి ఏళ్ళలో ఆ పోటీకి ఒక సిగరెట్టు పేరు, గోల్డ్ ఫ్లేక్, తగిలించారు. ఖర్చు పెట్టుకున్నది ఆ సిగరెట్టు కంపెనీ. పొగతాగేవాడు ఆ ఎండలో రెండు సెట్లు ఆడగలడా అని ఎవరూ అడిగినట్టు లేదు! తరవాత పేరు మారింది. 2003 లో పొగాకు కంపెనీలు ఆటలకు డబ్బిచ్చి పేరు పెట్టుకోకుండా చట్టమే వచ్చింది.

జనవరికి మార్చటంలో ఒక ఉపాయం ఉంది. జనవరి నడిమికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదలవుతుంది. అక్కడా గట్టి నేలే. కొత్త సంవత్సరం రాగానే, పెద్ద పరీక్షకు ముందు చిన్న పరీక్ష రాసినట్టు, ఆటగాళ్ళు ఎక్కడో ఒకచోట ఆడి చెయ్యి తిరగేసుకోవాలి. ఆ సమయంలోనే దోహాలోనూ ఆస్ట్రేలియాలోనూ కూడా పోటీలుండేవి. అయినా కొందరు చెన్నైకే వచ్చారు. స్విట్జర్లండుకు చెందిన స్టాన్ వావ్రింకా 2014 లో చెన్నైలో గెలిచి, అదే నెలాఖరులో మెల్‌బోర్న్‌లో కూడా గెలిచాడు. ఆయన చెన్నైలో గెలిచింది ఒకటి కాదు, నాలుగుసార్లు: 2011, 2014, 2015, 2016.

మనవాళ్ళు? జంటగా ఆడే డబుల్సులో చెన్నై అంటే మనవాళ్ళదే రాజ్యం. 1997 లో లియాండర్ పేస్, మహేశ్ భూపతి కలిసి గెలిచారు. 1998 లో గెలిచారు. 1999 లో గెలిచారు. ఆ 1999 లోనే పారిస్‌లోనూ వింబుల్డన్‌లోనూ కూడా జంటగా కప్పులు ఎత్తారు. 2002 లో మళ్ళీ చెన్నైలో గెలిచారు. ఆ తరవాత ఇద్దరికీ పడక విడిపోయారు. 2011 లో మళ్ళీ చేతులు కలిపి చెన్నైకి వచ్చారు, అయిదోసారి గెలిచారు. 2017 లో జరిగిన ఆఖరి డబుల్సు ఫైనల్సులో నెట్టుకు అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ మన దేశంవాళ్ళే. రోహన్ బోపన్న, జీవన్ నెడుంచెళియన్ గెలిచారు.

ఒంటి ఆటలో మాత్రం మనవాడు ఎవడూ చెన్నైలో గెలవలేదు. చేరువకు వచ్చినవాడు ఒక్కడే, సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్. అస్సాంలో పుట్టి చెన్నైలో పెరిగాడు. అమెరికాలో చదువుకుంటూ అక్కడి కళాశాలల పోటీలో 2007 లోనూ 2008 లోనూ గెలిచాడు. 2009 జనవరినాటికి ప్రపంచం మొత్తంమీద అతని స్థానం ఇన్నూరుకు కూడా అవతలే. ఆ స్థానంలో ఉన్నవాడికి చెన్నై పోటీలో చోటు రాదు. అయితే పోటీ జరిపేవారి చేతిలో కొన్ని చీట్లుంటాయి. స్థానం లేకపోయినా తమకు నచ్చినవాణ్ణి ఆ చీటీతో ఆడనివ్వవచ్చు. దాన్ని వైల్డ్‌కార్డు అంటారు. సోమ్‌దేవ్‌కు ఒక చీటీ దొరికింది.

ఆ కుర్రవాడు రెండో ఆటలోనే కార్లోస్ మోయాను ఓడించాడు. మోయా అంటే ఒకప్పుడు ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నవాడు, చెన్నైలోనే రెండుసార్లు గెలిచినవాడు. తరవాత ఇవో కార్లొవిచ్‌ను ఓడించాడు. ఈ కార్లొవిచ్ తాటిచెట్టంత మనిషి, 211 సెంటీమీటర్లు. అతని సర్వీసు డాబామీంచి రాయి విసిరినట్టు వస్తుంది! సెమీఫైనల్సులో ఆడవలసినవాడికి గాయమై తప్పుకున్నాడు. సోమ్‌దేవ్ ఫైనల్సుకు చేరాడు. స్టేడియం కిక్కిరిసింది. క్రొయేషియాకు చెందిన మారిన్ సిలిచ్ 6-4, 7-6 తో గెలిచాడు. సిలిచ్ తరవాత 2014 లో అమెరికా ఓపెన్ గెలిచిన మనిషి. సోమ్‌దేవ్ 2010 లో ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు. ఆ చీటీ దొరక్కపోతే ఏమయేదో ఆలోచించండి. ఇది మళ్ళీ చివర పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

నా మట్టుకు నాకు చెన్నై పోటీ అనగానే రెండు ఫైనల్సులు గుర్తుకొస్తాయి.

ఒకటి 2005 ది. అంతకు ముందు 2004 డిసెంబరు 26 న సముద్రం పొంగి సునామీ వచ్చింది. చెన్నై మెరీనా బీచి మీద ప్రాణాలు పోయాయి. మన ఆంధ్ర తీరంలోనూ, నాగపట్నంలోనూ, శ్రీలంకలోనూ, థాయిలాండులోనూ ఘోరం జరిగింది. వారం తిరగకుండానే టెన్నిస్ పోటీ రోజులు వచ్చిపడ్డాయి. ఆ ఏడు ఫైనల్సులో ఒకడు స్పెయిన్‌వాడైన మోయా. రెండోవాడు థాయిలాండుకు చెందిన పారడోన్ శ్రీచాపన్. అతని దేశం కూడా దుఃఖంలోనే ఉంది. 2002 నుంచి వరసగా నాలుగో ఏడు శ్రీచాపన్ చెన్నై ఫైనల్సు ఆడుతున్నాడు, 2003 లో గెలిచాడు. ఆసియా పురుషుల్లో ప్రపంచపు మొదటి పదిమందిలోకి చేరిన మొట్టమొదటివాడు అతనే. ఆట మూడో సెట్టు చివరిదాకా పోయి, టైబ్రేకులో మోయా గెలిచాడు. గెలిచిన డబ్బంతా సునామీ బాధితులకు ఇచ్చేశాడు.

రెండోది 2008 ది. నిజానికి దాని ముందురోజు ఆట ముఖ్యం. సెమీఫైనల్సులో మోయాతో రఫాయెల్ నడాల్ ఆడాడు. ఇద్దరిదీ మల్లోర్కా అనే ఒకే దీవి. నడాల్ చిన్నప్పటినుంచీ మోయాను చూసి నేర్చుకున్నవాడు. నడాల్‌కు చెన్నై కొత్త కాదు. 2004 లో పదిహేడేళ్ళవాడుగా వచ్చి డబుల్సు గెలిచి వెళ్ళాడు. ఈసారి ఇద్దరూ మూడు సెట్లాడితే మూడూ టైబ్రేకులే! ఆట దాదాపు నాలుగు గంటలు సాగింది. చివరకు నడాల్ గెలిచాడు.

మరునాడు ఫైనల్సు. ఎదుట రష్యావాడు మిఖాయిల్ యూజ్నీ. నడాల్ కాళ్ళు కదలలేదు. 6-0, 6-1. ఆట మొదలైనట్టే ఉంది, అయిపోయింది. ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్నవాడు ఒక్క గేము గెలుచుకుని వెళ్ళాడు! నాలుగు గంటల ఆట గెలవటానికి ఎంత చెల్లించాలో ఆ రోజు అందరూ చూశారు. ఇందులో చెన్నై గాలికి కూడా వంతుంది. మనిషి ఒళ్ళు వేడెక్కితే చెమట పోస్తుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ గనక చెమట కారిపోతుందే గాని ఆరదు. ఒంట్లోని నీరూ ఉప్పూ మాత్రం పోతాయి, చలవ దక్కదు. ఎండ 30 డిగ్రీలే ఉన్నా ఆటగాడికి అంతకన్న ఎక్కువగా ఉన్నట్టుంటుంది.

టైబ్రేకు అన్నాను గదా. ఇద్దరూ ఆరేసి గేములు గెలిచి సమానంగా ఉంటే, ఏడు పాయింట్లకు ఒక చిన్న పందెం వేస్తారు. కనీసం రెండు పాయింట్ల తేడాతో గెలవాలి. 2012 ఫైనల్సులో మిలోష్ రావొనిచ్ అనే కెనడా కుర్రవాడూ, సెర్బియావాడు యాంకో టిప్సరెవిచ్చీ ఆడినప్పుడు కూడా మూడు సెట్లకు మూడూ టైబ్రేకుకే పోయాయి. వారం మొత్తంలో రావొనిచ్ సర్వీసు చేసిన గేము ఒక్కటి కూడా ఎవరూ గెలుచుకోలేకపోయారు. అతనే కప్పు పట్టుకుపోయాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. పోటీలో 28 మంది ఒంటిగా ఆడతారు. ఓడినవాడు ఇంటికి. మొదటి అంచెలో నలుగురికి ఆట లేకుండానే ముందుకు పోయే వీలు ఇస్తారు. మొత్తం ఎన్ని ఆటలు జరుగుతాయి? కాగితం తీసి 12, 8, 4, 2, 1 అని కూడేవాళ్ళు కూడండి. కాగితం అక్కర్లేని దారి కూడా ఉంది. ప్రతి ఆటలోనూ ఒకడు ఓడతాడు. చివరకు ఓడనివాడు ఒక్కడే మిగలాలి. అంటే 27 మంది ఓడాలి. కనక 27 ఆటలు! 128 మంది ఆడే వింబుల్డన్‌లో ఎన్నో ఇప్పుడు మీరే చెప్పగలరు.

మరి ఇంత బాగా సాగిన పోటీ ఎందుకు పోయింది?

మన ఊళ్ళలో వారానికొక సంత జరుగుతుంది. ఈ ఊళ్ళో బుధవారమైతే పక్క ఊళ్ళో శుక్రవారం. టెన్నిస్ లోకంలోనూ అంతే. ఏడాదిలో ఏ వారం ఎవరి సంతో రాసిపెట్టి ఉంటుంది. ఆ వారం పోటీ జరుపుకునే హక్కు ఒక ఆస్తి లాంటిది. హక్కున్నవాడు దాన్ని ఇంకో ఊరికి తీసుకుపోవచ్చు. స్టేడియం చెన్నైదే గాని, వారం చెన్నైది కాదన్నమాట! 2015 డిసెంబరులో వరదలతో ఊరంతా మునిగితే, నెల తిరగకుండానే నేల ఆరబెట్టి పోటీ జరిపించారు. 2016 డిసెంబరులో వార్ధా తుఫాను చెట్లన్నీ కూల్చింది, అయినా 2017 జనవరిలో పోటీ జరిగింది. ఆ ఏడు ఫైనల్సులో ఓడిన పొడుగాటి రష్యా కుర్రవాడు దనీల్ మెద్వెదెవ్. అతనికి అదే మొదటి పెద్ద ఫైనల్సు. అయిదేళ్ళకు అతను ప్రపంచంలో మొదటి స్థానం ఎక్కాడు. తుఫానులు కదల్చలేని పోటీని డబ్బు లెక్కలు కదిల్చాయి. 2017 లోనే పోటీని పుణెకు మారుస్తున్నామని ప్రకటించారు.

పుణెలో బాలేవాడి స్టేడియంలో 2018 నుంచి జరిగింది. 2019 ఫైనల్సులో మన తాటిచెట్టు కార్లొవిచ్ 39 ఏళ్ళ వయసులో మళ్ళీ కనిపించి, కెవిన్ ఆండర్సన్ చేతిలో టైబ్రేకులో ఓడాడు. 2021 లో కరోనా జబ్బువల్ల జరగలేదు. 2023 లో ఆఖరిసారి జరిగింది. 2024 లో ఆ వారం హాంకాంగుకు పోయింది. ఆ తరవాత ఆ మెట్టు పురుషుల పోటీ మన దేశంలో జరగలేదు.

పోతే పోయింది, టెలివిజన్‌లో చూసుకుంటాం అనవచ్చు. చూడటానికి ఇబ్బంది లేదు. ఆడటానికే ఇబ్బంది. సోమ్‌దేవ్ చీటీ గుర్తుందా? ఆ చీటీలు పోటీ జరిగే దేశంవాళ్ళకే ఎక్కువగా దక్కుతాయి. హాంకాంగులో జరిగే పోటీ చీటీలు సాధారణంగా అక్కడి పిల్లలకే పోతాయి. ఇంకో సంగతి. కోర్టు పక్కన నిలబడి బంతులు అందించే పిల్లలుంటారు. నెట్టు దగ్గర వంగి పరిగెత్తి, బంతి ఏరి, చెయ్యెత్తి నిలబడతారు. రెండు గజాల దూరంలోంచి నడాల్ సర్వీసు చూసిన పిల్లవాడికి, ఆ బంతి ఎట్లా తిరుగుతుందో ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. మన హైదరాబాదులో కూడా కొన్నేళ్ళు ఆడవాళ్ళ పోటీ జరిగింది. 2005 లో 18 ఏళ్ళ సానియా మీర్జా తన ఊళ్ళోనే, తన వాళ్ళ మధ్యనే, అది గెలిచింది. అంత స్థాయి పోటీ ఒంటిగా గెలిచిన మన దేశపు ఆడపిల్ల అంతకుముందు లేదు. ఆ పోటీ కూడా తరవాత నిలిచిపోయింది.

నుంగంబాకం స్టేడియం మాత్రం ఖాళీగా లేదు. 2022 సెప్టెంబరులో అక్కడ ఆడవాళ్ళ పోటీ జరిగింది. చెక్ దేశానికి చెందిన లిండా ఫ్రుహ్‌విర్తోవా అనే 17 ఏళ్ళ పిల్ల గెలిచింది. పురుషులకు 250 మెట్టుకు కూడా కిందిదైన ఛాలెంజర్ పోటీలు జరిగాయి. ఆ మెట్టు మీద టిక్కెట్టు కోసం తొక్కిసలాట ఉండదు, పేరున్నవాళ్ళు రారు. 2024 ఫిబ్రవరిలో జరిగిన దానిలో హర్యానా కుర్రవాడు సుమిత్ నాగల్ వారమంతా గెలుస్తూ వచ్చి, ఇటలీకి చెందిన లూకా నార్దిని ఫైనల్సులో ఓడించాడు. సోమవారం పొద్దున ప్రపంచపు పట్టీ వచ్చింది. అందులో మొదటి నూరుమందిలో నాగల్ పేరు ఉంది.